వాలుగల వేటగాడు మా పెంటయ్య బావ

బావ ఇక లేడన్న వార్త, రైలు స్టేషనులో నేను టిక్కెట్లిచ్చే కిటికీలోంచే వచ్చింది. పట్నం నుంచి వచ్చిన పాసింజరు లింగంపల్లిలో ఆగి, కదిలి వెళ్లిపోయింది. దిగినవాళ్లలో ఖాజాగూడ మనిషి ఒకడు కిటికీ దగ్గరికి వచ్చి, టిక్కెట్టు అడగకుండా నిలబడ్డాడు. "ఏంది, ఏడికి?" అన్నాను తల ఎత్తకుండానే. "ఏడికి లేదన్నా. పెంటన్న పొద్దుగాల దవాఖానల పానం ఇడిచిండు" అన్నాడు. అతని వెనక ఒక ముసలమ్మ శంకరపల్లికి టిక్కెట్టు కోసం నిలబడి ఉంది. ఆమెకు టిక్కెట్టు ఇచ్చాను. తరువాత కిటికీ మూసి, గోడకు చేరగిలబడి, కట్టు కట్టిన ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

జాతస్య మరణం ధ్రువమని అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన గుండెకోత ఆగదు. మా అక్క సత్తెమ్మ మగడు, ఖాజాగూడ చెరువులో గాలం వేసిన వారందరిలోనూ అగ్రగణ్యుడు, బెస్త పెంటయ్య అస్తమించాడు. ఆయన్ని గురించి రాయమని ఈ పత్రిక వారు నన్ను అడగలేదు. నేనే రాసి పంపుతున్నాను. ఎందుకంటే ఆయన కట్టె చల్లారకముందే ఊళ్లో ఒక మాట పుట్టింది. పెంటయ్యను చంపింది పక్క ఊరి దొర మనుషులు కాదట, ఆయన కోపమేనట. కోపంతో కళ్లు మూసుకుపోయి, వలలో పడ్డ చేపలా పోయి పడ్డాడట. ఈ మాట పచ్చి అబద్ధం. అది అబద్ధమని కళ్లారా చూసి తెలిసిన మనుషులం ఇద్దరమే ఉన్నాం, మా అక్క, నేను. ఆ అపవాదును నిలవనిస్తే నేను బతికి ఉండీ దండుగ.

అలాగని ఆయన శాంతమూర్తి అని రాస్తే ఖాజాగూడ బండలు కూడా పక్కున నవ్వుతాయి. బావ కోపం లోకప్రసిద్ధం. ఆయనకు ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదని, పుట్టగానే తల్లి ఆయన్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకుని పెంటయ్య అని పేరు పెట్టుకుందట. "నన్ను మొదలు పారేసి తర్వాత ఏరుకున్నరు, గందుకే నాకు ఎవనికి దండం పెట్ట బుద్ధి గాదు" అనేవాడు. నల్లగా, పొట్టిగా, మెడ కనిపించని మనిషి. అరచేతుల నిండా గాలపు తాళ్లు కోసిన గీతలు. జ్యోతిష్యుడు ఒకడు ఆ చేతులు చూసి ఏ గీత ఏదో తేల్చుకోలేక దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

మా అక్క పెళ్లినాడే ఆయన ప్రతాపం మా గోపన్‌పల్లి వారందరికీ తెలిసింది. మా పెదనాన్నకు నోటి దురుసు ఎక్కువ. పెళ్లిపీటల మీద ఉన్న వరుణ్ణి చూసి, "అత్తరు పూసినా నీసు వాసన పోతలేదుర బై" అన్నాడు. బావ తలంబ్రాలు అయ్యేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత లేచి, మా పెదనాన్నను కొత్త పంచెతో సహా భుజాన వేసుకుని పోయి చెరువులో విసిరేశాడు. ఆయనకు ఈత రాదని అప్పుడు ఎవరో కేక వేశారు. పెళ్లికొడుకు బాసికంతోనే దూకి, జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి, కడుపు మీద గుద్ది గుద్ది నీళ్లు కక్కించాడు. "ఇప్పుడు ఎవనికి నీసు వాసన, పెద్దమామా?" అని అడిగాడు. మా పెదనాన్న చచ్చేవరకు ఆయన్ని "మా అల్లుడు, నా పానదాత" అని చెప్పుకుని తిరిగాడు. విసిరింది ఎవరో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఇక వేట సంగతి. మన చెరువుల్లో వాలుగను మించిన క్రూర జంతువు లేదు. పొలుసు లేని బారెడు ఒళ్లు, కళ్ల వెనక దాకా చీలిన నోరు, నోటి నిండా లోపలికి వంగిన పళ్లు. దానికి చచ్చిన ఎర పనికిరాదు. కళ్ల ముందు కదిలే ప్రాణం కావాలి. అందుకని బావ పొద్దున్నే చిన్న వలతో పరకపిల్లలను, అంటే వేలెడంత చేపలను పట్టి, కుండ నీళ్లలో వేసి, మూతికి తడిబట్ట కట్టి తెచ్చుకునేవాడు. తంగేడు చెక్క రసంలో నానబెట్టిన దారం, నీళ్ల మీద తేలే జీలుగు బెండు, కమ్మరి చేత దగ్గరుండి కొట్టించుకున్న గాలం. పరకపిల్లను గాలానికి ఎక్కించేటప్పుడు ఆ మొరటు చేతులు ఎంత మృదువుగా కదిలేవో చూసినవాళ్లకే తెలుసు. ముందు చేతులు తడుపుకుని, వెన్నురెక్క కింద తోలు మాత్రమే పట్టేలా గుచ్చేవాడు. అది గంటల తరబడి నీళ్లలో ఈదుతూనే ఉండేది. "ఎరను సంపి చేపను పట్టెటోడు వేటగాడు కాదుర, కసాయోడు" అనేవాడు. సాయంత్రానికి ఏ చేపా ముట్టని ఎర గాలం మీద బతికి వస్తే, దాన్ని విప్పి చెరువులో వదిలేసేవాడు. ఒకసారి బతికి వచ్చిన ఎరను మళ్లీ గుచ్చకూడదని ఆ చెరువు బెస్తల ఆచారం. కోపిష్టి పెంటయ్య ఆ ఆచారాన్ని ఒక్కనాడూ తప్పలేదు.

వాలుగ పడినప్పుడు మాత్రం ఆ మృదుత్వమంతా ఎటో పోయేది. బెండు ఒక్కసారిగా మునిగేది. దారం అరచేతిని కోసుకుంటూ పరుగెత్తేది. బావ నడుం లోతు నీళ్లలోకి దిగి, బూతులు తిడుతూ, నవ్వుతూ లాగేవాడు. ఒడ్డుకు తెచ్చి దుడ్డుకర్రతో నెత్తి మీద ఒక్క దెబ్బ వేసేవాడు. ఒక ఎండాకాలం ఒక పెద్ద వాలుగ ఆ దెబ్బకు చావకుండా ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా నోట పట్టింది. లోపలికి వంగిన పళ్లు కదా, వెనక్కి లాగితే మాంసం ఊడి వస్తుంది. అందుకని ఆయన లాగలేదు. చేతిని ఇంకా లోపలికి తోసి, గొంతులోంచి మొప్పలు పట్టుకుని చీల్చేశాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ చేతికి మా అక్క గాలపు దారంతోనే కుట్లు వేసింది. ఆమె కుడుతూ ఏడుస్తుంటే, "ఏడ్వకే, చెయ్యి కదులుతది. కుట్టు వంకర పోతే జనం నవ్వుతరు" అన్నాడు. ఆ రాత్రి ఆ చేపనే కూర వండుకుని అందరం తిన్నాం. నేను రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, మన సంస్థానానికి ఇంకా రాని ఆ గడ్డురోజులు మీకందరికీ జ్ఞాపకమే. పక్క ఊరి దొర ఉండే కోటలాంటి గడిలో తుపాకులు పట్టిన మనుషులు చేరారు. ఏ ఊళ్లో ఎప్పుడు పొగ లేస్తుందో తెలియదు. గడిలో విందు అయితే బెస్తలు చేపలు వెట్టికి తెచ్చి ఇవ్వాలి, ఇవ్వకపోతే వాతలు తేలాలి. నా సెలవు దినం ఒకటి బావతో చెరువు బండ మీద గడుపుతుండగా దొర జమాదారు ఇద్దరు మనుషులతో వచ్చాడు. పొద్దుటి నుంచి బెండు కదలలేదు.

"దొరింట్ల సుట్టాలున్నరు. చేప ఏదిరా?" అన్నాడు జమాదారు.

"వాలుగ నీ జీతగాడు కాదు జమాదారూ, కేకేస్తే ఉరికొచ్చెతందుకు" అన్నాడు బావ, బెండు మీద నుంచి చూపు తిప్పకుండా.

జమాదారు బూటుకాలితో ఎరకుండను తన్నాడు. కుండ పగిలి, పరకపిల్లలు కాలిపోతున్న బండ మీద పడి ఎగిరెగిరి కొట్టుకున్నాయి. బావ అప్పటికీ చెయ్యి ఎత్తలేదు. వంగి, చేతులు తడుపుకుని, బతికున్నవాటిని ఒక్కొక్కటే ఏరి నీళ్లలో వేయసాగాడు. వంగిన ఆ మనిషిని చూసి జమాదారుకు హుషారు పుట్టింది. మిగిలిన చేపలను బూటుతో తొక్కి నలిపాడు. ఆ తర్వాత జరిగింది కన్ను మూసి తెరిచేంతలో జరిగింది. దుడ్డుకర్ర జమాదారు దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. పళ్లు బండ మీద రాలాయి. రెండో దెబ్బకు మోకాలు విరిగింది. మూడోది అతని వెంట వచ్చినవాడి మోచేతికి తగిలింది. మరొకడు పరుగు అందుకున్నాడు. బావ జమాదారును రెండు చేతులా ఎత్తి చెరువులోకి విసిరాడు. ఈసారి దూకి బయటికి తీయలేదు. మోచెయ్యి విరిగినవాడే తీసుకున్నాడు.

ఇది కోపమే. కాదని నేను అనను. ఆ పూట ఆ కోపాన్ని చూసి నా ఒళ్లు పులకరించిందని కూడా సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఆ సాయంత్రానికే దొర మనుషులు బావ గుడిసెకు నిప్పు పెట్టారు. వలలు, గాలాలు, తెప్పలు అన్నీ బూడిద అయ్యాయి. అడ్డం వచ్చిన పక్కింటి ముసలాయన్ని తుపాకీ మడమతో కొట్టి చంపారు. బావ ఖాజాగూడ గుట్టల్లో బండల సందుల్లో దాక్కున్నాడు. అక్క చెరువు అవతల బంధువుల ఇంట్లో ఉంటూ, గడ్డికి పోయినట్టు పోయి తిండి ఇచ్చి వచ్చేది. గుట్టల్లో ఆయన్ని పట్టుకోవడం వాళ్ల తాతల తరం కాలేదు. పట్టుకోలేనివాణ్ణి రప్పించుకోవాలి. వాళ్లకు దొరికిన ఉపాయం నేను.

స్టేషను నుంచి కాలిబాటన వస్తుంటే నన్ను పట్టుకున్నారు. "పెంటడు ఏడున్నడు?" అన్నది ఒక్కటే ప్రశ్న. నాకు నిజంగానే తెలియదు, తెలిసినా చెప్పేవాణ్ణి కాదు. ఎడమ చెయ్యి విరిచారు. పక్కటెముకల మీద తుపాకీ మడమలు పడ్డాయి. నోట్లోంచి వచ్చిన నెత్తురు చొక్కా మీద కారుతుండగా నన్ను ఈడ్చుకుపోయి, ఖాజాగూడ చెరువు తూము రాయికి మొల లోతు నీళ్లలో నిలబెట్టి కట్టేశారు. తెల్లవారగానే డప్పు కొట్టించి చాటింపు వేశారు: పొద్దు నడినెత్తికి వచ్చేలోగా పెంటయ్య వచ్చి లొంగకపోతే వాని బామ్మర్దిని కాల్చి చంపుతారని. ఆ డప్పు గుట్టల దాకా వినపడింది. నాకు వినపడుతుంటే బావకు వినపడదా?

ఎండ ముదిరింది. దెబ్బల మీద ఈగలు ముసిరాయి. దొర మనుషులు కట్ట మీద బాటకు ఇరువైపులా తుపాకులు పట్టుకుని పొంచి కూర్చున్నారు. నీళ్లలో పుట్టి పెరిగినవాడి కోసం వాళ్లు బాటకు కాపలా కాశారు. ఎవరి కాళ్లు ఎటు నడుస్తాయో వాళ్ల బుద్ధి కూడా అటే నడుస్తుంది.

నా వెనక తామరాకులు కదిలాయి. చల్లటి చెయ్యి ఒకటి నీళ్ల కింద నా కాలు పట్టుకుంది.

"ఏం బామ్మర్దీ, రైలు తప్పిందా?" అన్నది నా చెవి పక్కన ఒక గొంతు.

నాకు దుఃఖం ఆగలేదు. "బావా, నీ కాళ్లు మొక్కుత, పో. నిన్ను పట్టనీకే నన్ను గిట్ల కట్టిండ్రు. నన్ను ఎరేసిండ్రు" అని గొణిగాను.

"ఎరేసుడు నాకు నేర్పుతున్నవార?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఈ మాట నేను దేవుడి ముందు నిలబడి చెప్పగలను, ఆ గొంతులో రవ్వంత కోపం లేదు. ఎరను గుచ్చేటప్పుడు ఎలా ఉండేదో అలాగే నెమ్మదిగా ఉంది. కత్తితో తాళ్లు కోస్తూ అన్నాడు: "పొద్దటి సంది గుట్ట మీంచి జూస్తున్న. నీ తల కదులుతున్నదా లేదా అని. కదిలింది. వచ్చిన. ఇగ ముక్కు మూసుకో, నా గోచి పట్టుకో."

నీళ్ల కిందుగా నన్ను ఈడ్చుకుపోయాడు. నడుమ తుంగలో దాచిన పొరుగు బెస్తల తెప్ప దగ్గర తల పైకి తీశాం. అంతలో కట్ట మీద కేక లేచింది. తుపాకీ పేలింది. బావ భుజం ఒక్కసారి వెనక్కి అదిరింది, నా ముఖం మీద వేడిగా నెత్తురు చిమ్మింది. "ఏం గాలే" అంటూ నన్ను తెప్ప మీదికి తోశాడు. నువ్వు కూడా ఎక్కు అన్నాను. "తెప్ప ఒక్కన్నే మోస్తది, పిచ్చోడా" అని, కాలితో ఒక్క తన్ను తన్ని దాన్ని లోతు నీళ్లలోకి పంపి, తాను వెనక్కి తిరిగాడు.

దొర మనుషులు ముగ్గురు అప్పటికే నీళ్లలోకి దిగి నా వైపు వస్తున్నారు. బావ వాళ్లకు ఎదురు వెళ్లాడు. తెప్ప మీద వెల్లకిలా పడి అంతా చూశాను. ఒకడి తలను నీళ్లలో ముంచి పట్టి, కాళ్లు కొట్టుకోవడం ఆగేదాకా వదల్లేదు. రెండోవాడు బరిసెతో కడుపులో పొడిచాడు. ఆ బరిసెనే పట్టుకుని వాణ్ణి దగ్గరికి లాక్కుని, నెత్తితో ముఖం మీద కొట్టాడు, వాడి ముక్కు చితికిపోయింది. మూడోవాడు వెనక నుంచి గొడ్డలి వేశాడు. వీపు చీలింది. మోకాళ్ల మీద కూలి, మళ్లీ లేచాడు. మళ్లీ వేశారు. మళ్లీ లేచాడు. అప్పటికి ఊరి ఆడవాళ్లు కట్ట మీదికి వచ్చి రాళ్లు రువ్వడం మొదలుపెట్టారు, ఆ వెనక మగవాళ్లు కూడా సిగ్గుపడి వచ్చారు. దొర మనుషులు తమ శవాన్ని వదిలి పారిపోయారు. తూము దగ్గర నీళ్లు రెండు రోజులు ఎర్రగానే ఉన్నాయని తర్వాత విన్నాను.

బండి మీద లింగంపల్లికి, రైల్లో పట్నానికి తీసుకుపోయారు. కడుపు చుట్టూ అక్క చీర కట్టి ఉంది. నన్ను పక్కనే పడుకోబెట్టారు. "ఏమిరా, నాకు టిక్కెట్టు కొన్నవా? బామ్మర్ది నౌకరి ఎందుకున్నట్టు మరి?" అన్నాడు. నవ్వబోతే కుట్లు లేని గాయంలోంచి నెత్తురు వచ్చింది. నేను కోలుకుని మళ్లీ కిటికీ దగ్గర కూర్చునే నాటికి కూడా ఆయన దవాఖానలోనే ఉన్నాడు. గాయాలు చీము పట్టాయి. జ్వరంలో చెరువు గురించి, గాలి మళ్లడం గురించి మాట్లాడేవాడట. దొరను గురించి ఒక్క మాటా లేదు. చివరికి అంత గట్టి ప్రాణం కూడా ఓడిపోయింది.

పదోనాడు కులపెద్ద పదిమంది ముందు కూర్చుని, ఓదార్పుగానే అన్నాడు. "మంచోడే. గని కోపం మింగింది. దొర ఏసిన ఎర అని చిన్న పోరనికి గుడ తెలుస్తది. జర ఆలోచించి ఉంటే బతికెటోడు."

తెల్లచీరలో మూల కూర్చున్న మా అక్క లేచి నిలబడింది.

"పెద్దయ్యా, జర నా మాట ఇను. డప్పు ఇనంగనె నేను గుట్టకు ఉరికిన. ఆయన బండ మీద కూసొని తూము దిక్కు జూస్తున్నడు. ఒక దిక్కు నా తమ్ముడు, ఒక దిక్కు నా మొగడు. ఏమనాలె నేను? పొమ్మనలే. వద్దనలే. నా నోట్లెకెల్లి మాట రాలే. ఆయన నా మొకం జూసిండు. 'తినెతందుకు ఏం తెచ్చినవే?' అన్నడు. జొన్న గట్కల చల్ల పోసి ఇచ్చిన. నిమ్మలంగ తిన్నడు. గిన్నె కడిగి నా చేతికిచ్చిండు. 'వాన్ని పంపిస్త. చెయ్యి విరిగినట్టుంది, కట్టు కట్టించు' అన్నడు. అని నీళ్లల్ల దిగిండు. కోపం మీద ఉన్నోడు గట్క తిని, గిన్నె కడిగి పోతడా పెద్దయ్యా? మీరే జెప్పుండ్రి."

కులపెద్ద తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

అక్క నా ఎదుట ఇదంతా చెప్పడం అదే మొదటిసారి. ఇంటికి వచ్చాక కూడా ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. ఆమె మాత్రం నా విరిగిన చేతికి కట్టు విప్పి, నూనె రాసి, మళ్లీ కట్టింది. "మీ బావ కట్టించుమన్నడు" అంది. అంతకుమించి మేమిద్దరం ఆయన్ని గురించి ఇప్పటికీ మాట్లాడుకోలేదు.

బావా, కోపంలో నువ్వు చేసిన పనులు ఈ చెరువు చుట్టుపక్కల ఊళ్లన్నీ కథలు కథలుగా చెప్పుకుంటాయి, చెప్పుకోనీ. ఆకలి తీరేదాకా తిని, చల్లబడ్డ మనసుతో, అన్నీ తెలిసి చేసిన పని ఒక్కటే ఉంది. అది నేను. నా ఈ దేహం ఉన్నంతవరకు నీకు నమస్కరిస్తూనే ఉంటుంది. నువ్వు లేని లోటు మరెవ్వరూ తీర్చలేరు, తీర్చాలని మేము కోరుకోవడమూ లేదు.